పోగుకు సగం లేదు

బెంగళూరుకు ఉత్తరాన దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో, హిందూపురం మీదుగా ధర్మవరం వైపు సాగే రైలు మార్గంలో ఉన్న దొడ్డబళ్ళాపురం మరమగ్గాల ఊరు. కన్నడం మాట్లాడే నేతగాళ్ళతో పాటు తెలుగు మాట్లాడే నేత కుటుంబాలు కూడా తరాలుగా స్థిరపడిన ఈ ఊళ్ళో పట్టు చీరల నేతే చాలా ఇళ్ళకు ఆధారం. ఊరి పేరులోని ‘బళ్ళ’ ఒక కొలపాత్ర పేరని, ఒక ఆవు పుట్ట మీద రోజూ బళ్ళెడు పాలు ధారపోసిన చోటే ఈ ఊరు వెలసిందని ఐతిహ్యం చెబుతుంది. ఐతిహ్యం సంగతి ఎలా ఉన్నా, కొలత పేరు మోస్తున్న ఊరూ కొలత మీదే బతికే వృత్తీ ఒక్కచోట కూడడం ఈ అధ్యాయానికి బాగా కలిసివచ్చింది. ల్యాప్‌టాప్ తెర మీద చుక్కల సాంద్రత విపరీతంగా పెరిగినప్పుడు అక్షరాలు ఆవగింజల్లా కుంచించుకుపోవడం, వాటిని పెద్దవి చేయబోతే అంచులు మసకబారడం, కంటికి కనిపించని నాణ్యానికి డబ్బూ కరెంటూ ఖర్చు కావడం వంటి చిక్కులు కంప్యూటర్ వాడేవారికి కొత్తగా తోచవచ్చు గాని, అంగుళానికి ఇన్ని పోగులని లెక్కగట్టి నేసే వృత్తికి అవి రెండు శతాబ్దాల పాత పరిచయాలు.

చీర అంచులోని హంస గానీ ఒంటిలోని బుటా గానీ నేతగాడి దృష్టిలో గీత కాదు, లెక్క. నిలువునా సాగే పడుగు పోగు, అడ్డంగా పడే పేక పోగు కలుసుకునే ప్రతి చోటా రెండింటిలో ఏది పైకి కనిపించాలన్న ఒకే ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నలకు జవాబులన్నిటినీ డిజైన్ గీసేవారు ముందుగా గళ్ళ కాగితం మీద, అంటే వాడుకలో ‘గ్రాఫ్’ మీద, గడి నింపుతూనో వదిలేస్తూనో రాసిపెడతారు. ఆ గ్రాఫ్‌లోని ఒక్కొక్క అడ్డ వరుసను ఒక్కొక్క అట్ట మీద రంధ్రాలుగా పొడిచి, అట్టలను దండగా కుట్టి, మగ్గం నెత్తిన ఉండే జకార్డు పెట్టెకు తగిలిస్తే, రంధ్రం ఉన్నచోట హుక్కు లేచి తన పడుగు పోగును పైకి లాగుతుంది, రంధ్రం లేనిచోట ఊరుకుంటుంది. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపు దిద్దిన ఈ ఏర్పాటులో బొమ్మ అన్నది ఔను, కాదు అనే జవాబుల పట్టికగా మారిపోయింది. కంప్యూటర్ తెర మీద బొమ్మ కూడా అటువంటి పట్టికే. తేడా ఏమిటంటే అక్కడ ప్రతి గడికీ రెండు జవాబులకు బదులు కోటికి పైగా రంగుల్లో ఒకటి జవాబు అవుతుంది, ఆ జవాబు సెకనుకు అరవై సార్లు మారగలుగుతుంది.

తెర మీది ఆ గడినే పిక్సెల్ అంటారు. వెడల్పులో ఎన్ని పిక్సెళ్ళు, ఎత్తులో ఎన్ని పిక్సెళ్ళు అని చెప్పే జంట అంకెలకు రిజల్యూషన్ అని పేరు. చాలా ఏళ్ళు చవక ల్యాప్‌టాప్‌లన్నిటా కనిపించిన 1366, 768 అన్న జంటను గుణిస్తే పది లక్షల పైచిలుకు పిక్సెళ్ళు. ‘ఫుల్ హెచ్‌డీ’ అనే 1920, 1080 జంటలో ఇరవై లక్షల పైచిలుకు. ‘ఫోర్ కే’ అనే 3840, 2160 జంటలో 82,94,400. అయితే చీర మొత్తంలో పోగులెన్ని అన్నది చీర నాణ్యాన్ని ఎలా తేల్చదో, తెర మొత్తంలో పిక్సెళ్ళెన్ని అన్నది తెర నాణ్యాన్ని అలాగే తేల్చదు. తేల్చేది సాంద్రత, అంటే అంగుళానికి ఎన్ని అన్న లెక్క. మూల నుంచి మూలకు 15.6 అంగుళాలున్న ల్యాప్‌టాప్ తెర మీద పై మూడు రిజల్యూషన్లూ వరుసగా అంగుళానికి దాదాపు 100, 141, 282 పిక్సెళ్ళ సాంద్రతను ఇస్తాయి. చివరి అంకె దగ్గర ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.09 మిల్లీమీటరు మాత్రమే.

ఇక్కడే మొదటి చిక్కు పుడుతుంది. ఒక బుటా గ్రాఫ్ మీద నూరు గడుల వెడల్పు ఉందనుకుంటే, అంగుళానికి 50 పడుగు పోగులున్న బట్ట మీద అది రెండంగుళాల బుటా అవుతుంది; అదే గ్రాఫ్‌ను అంగుళానికి నూరు పోగులున్న మేలిరకం పడుగు మీద ఎక్కిస్తే బుటా మరింత సొగసుగా ఏమీ రాదు, సగానికి చిక్కిపోయి అంగుళమై కూర్చుంటుంది. సన్నటి పడుగు వల్ల లాభం పొందాలంటే గ్రాఫ్‌ను మళ్ళీ గీయాలి, అంటే అదే బుటాను నూరు గడులకు బదులు రెండు వందల గడుల్లో, వంపులను కొత్తగా సవరించుకుంటూ నింపాలి. తెర మీద సరిగ్గా ఇదే జరిగింది. అచ్చు పరిశ్రమలో అక్షరాలను కొలిచే పాయింటు దాదాపు అంగుళంలో 72వ వంతు గనుక 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటర్ తెర అంగుళానికి 72 పిక్సెళ్ళతో తయారై, కాగితం మీది కొలతనూ తెర మీది కొలతనూ ఒకటి చేసింది. మైక్రోసాఫ్ట్ సంస్థ మాత్రం తెరను కాగితం కన్నా మూడో వంతు ఎక్కువ దూరం నుంచి చూస్తారన్న లెక్కతో అంగుళానికి 96 అన్న అంకెను విండోస్‌లో స్థిరపరిచింది. ఆ అంకె ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ తర్వాత పుట్టిన వేలాది సాఫ్ట్‌వేర్లు బటన్ వెడల్పునూ మెనూ ఎత్తునూ మిల్లీమీటర్లలో కాక పిక్సెళ్ళలోనే రాసుకున్నాయి, పడుగు సాంద్రత ఎన్నటికీ మారదన్న ధీమాతో గ్రాఫ్ గీసినట్టు. ఆ లెక్క ప్రకారం 11 పాయింట్ల అక్షరానికి సుమారు 15 పిక్సెళ్ళ ఎత్తు దక్కుతుంది. అంగుళానికి నూరు పిక్సెళ్ళ తెర మీద అది 3.7 మిల్లీమీటర్లు, 282 పిక్సెళ్ళ తెర మీద 1.3 మిల్లీమీటర్లు. కొత్త తెర కొని మొదటిసారి తెరిచినవారికి మెనూ అక్షరాలు మందు సీసా చీటీలోని సన్నరాతలా కనిపించడానికి కారణం ఇంతకన్నా వేరేమీ లేదు.

దీనికి తోచే తొలి విరుగుడు రిజల్యూషన్‌ను తగ్గించడం, అంటే ఫోర్ కే తెరను ఫుల్ హెచ్‌డీగా నడపడం. రెండు రెళ్ళు నాలుగు పిక్సెళ్ళు కలిసి ఒక్కటిగా నటిస్తాయి గనుక అక్షరం పెద్దదవుతుంది గాని, పెట్టిన డబ్బు ఎందుకు పెట్టినట్టో తెలియకుండా పోతుంది. ఇక 1366 వంటి అంకెకు దిగితే ఒక్కో నకిలీ పిక్సెల్‌కు 2.8 అసలు పిక్సెళ్ళు పంచవలసి వచ్చి తెరంతా పలచటి పొగమంచు కమ్ముతుంది. సరైన విరుగుడు స్కేలింగ్. రిజల్యూషన్‌ను తెర సహజ స్థాయిలోనే ఉంచి, ప్రతి వస్తువునూ ఇన్ని రెట్లు పెద్దదిగా, కొత్తగా గీయమని కంప్యూటర్‌కు చెప్పడమే స్కేలింగ్; నేత పరిభాషలో అది గ్రాఫ్‌ను మళ్ళీ గీయించడం. ఈ రెండు మాటలనూ కలగాపులగం చేసుకోవడం వల్ల పడే అవస్థ, ఖరీదైన తెరల విషయంలో వినిపించే ఫిర్యాదుల్లో సగానికి మూలం అనవచ్చు.

స్కేలింగ్ రెండు రెట్లయితే బాధ లేదు: ఒక పిక్సెల్ మందం గీత రెండు పిక్సెళ్ళవుతుంది, అంతే. 2012లో ఆపిల్ సంస్థ అంగుళానికి 220 పిక్సెళ్ళతో 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోను తెచ్చినప్పుడు, అంతకుముందున్న 1440, 900 రిజల్యూషన్‌ను సరిగ్గా రెట్టింపు చేసి 2880, 1800 చేయడంలోని తెలివి ఇదే. చిక్కంతా ఒకటిన్నర రెట్ల దగ్గర వస్తుంది. పోగుకు సగం లేనట్టే పిక్సెల్‌కూ సగం లేదు; ఒక పిక్సెల్ గీతను ఒకటిన్నర చేయమంటే ఒకచోట ఒకటి, మరోచోట రెండుగా గీసి గీతల మందాన్ని ఎగుడుదిగుడు చేయాలి, కాకపోతే ఒక పిక్సెల్‌ను నిండుగా, పక్కదాన్ని బూడిదరంగుగా నింపి అంచును మసక చేయాలి. అక్షరాలు ఈ గండం నుంచి చాలావరకు బయటపడతాయి, ఎందుకంటే నేటి ఫాంట్లలో అక్షరం చుక్కల పట్టికగా కాక వంపుల సమీకరణంగా నిల్వ ఉంటుంది, ఏ కొలతకు అడిగితే ఆ కొలతకు కొత్తగా గీసుకుంటుంది. పాత సాఫ్ట్‌వేర్ల బటన్లు, బొమ్మగుర్తులు మాత్రం స్థిరమైన చుక్కల పట్టికలే. తెర సాంద్రత గురించి తమకు తెలుసని ప్రకటించని అటువంటి సాఫ్ట్‌వేర్లను 2007 నాటి విండోస్ విస్టా మొదలుకొని ఆపరేటింగ్ సిస్టమ్ తానే పాత కొలతకు గీయించి, ఆ బొమ్మను ఫోటోలా సాగదీసి చూపుతోంది. ఒకే తెర మీద ఒక కిటికీ కత్తితో కోసినట్టు, పక్క కిటికీ కళ్ళజోడు మరిచినట్టు కనిపించడానికి ఇదే కారణం. ల్యాప్‌టాప్ తెర ఒక సాంద్రతతో, దానికి తగిలించిన మానిటర్ మరో సాంద్రతతో ఉన్నప్పుడు దేనికి దాన్ని వేరుగా స్కేల్ చేసే వీలు 2013లో విండోస్ 8.1తో గాని రాలేదు, అది కుదురుకోవడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. వ్యాపార సాఫ్ట్‌వేర్లలో విరివిగా వాడే జావా భాష విండోస్ మీద ఈ సంగతిని పట్టించుకున్నది 2017లో వచ్చిన తొమ్మిదో వెర్షన్‌తోనే. తెరలు తయారుచేసేవారు పరుగెత్తగా సాఫ్ట్‌వేర్ రాసేవారు నడిచి వచ్చారన్నది న్యాయమైన తీర్పే.

ఇంత సాంద్రత కంటికి అవసరమా అన్న ప్రశ్నకు జవాబు తెరలో లేదు, కంటికీ తెరకూ నడుమ ఉన్న దూరంలో ఉంది. 1862లో నెదర్లాండ్స్ నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించిన అక్షరాల పట్టిక, సాధారణ చూపు అంటే కోణంలో ఒక డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే ఒక నిమిషం ఎడంగా ఉన్న రెండు వివరాలను వేరుగా గుర్తించగలగడమని స్థిరపరిచింది. ఆ కోణం 50 సెంటీమీటర్ల దూరాన 0.145 మిల్లీమీటరుకు సమానం. ల్యాప్‌టాప్‌ను ఆ దూరం నుంచి చూసేవారికి అంగుళానికి 175 పిక్సెళ్ళు దాటాక విడి పిక్సెల్ కనిపించదు. 60 సెంటీమీటర్లకు జరిగి కూర్చుంటే 145 చాలు. ఫోన్‌లా 30 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే 290 దాకా కావాలి. ఈ లెక్కన 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర సరిహద్దు దగ్గరే ఉంది, ఫోర్ కే తెర సరిహద్దు దాటి చాలా దూరం వెళ్ళింది. అయితే ఒక నిమిషం అన్నది సాధారణ చూపే తప్ప తుది హద్దు కాదు. మంచి చూపు ఉన్నవారు అంతకన్నా సూక్ష్మాన్ని చూడగలరు. పైగా రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా, ఒకటి ఇసుమంత పక్కకు జరిగిందా అని పోల్చడంలో మనిషి కన్ను నిమిషంలో ఆరో వంతు తేడానైనా పట్టేస్తుంది. నేతలో ఒక్క పోగు తప్పినా బారెడు దూరం నుంచి తెలిసిపోవడం ఈ శక్తి చలవే. తెర మీద ఏటవాలు గీత అంచులోని మెట్లు కూడా అందుకే అంత త్వరగా కంటబడతాయి.

పోగులు కంటి హద్దు దాటి సన్నబడితే ఏమవుతుందో 1839లోనే లియోన్ నగరం చూపించింది. ఆ ఏడాది అక్కడ జకార్డ్ చిత్రపటాన్ని పట్టు మీద 24,000 అట్టలతో నేశారు. ఒక్కో అట్టలో వెయ్యికి పైగా రంధ్రాలకు చోటుంది గనుక ఆ బొమ్మ రెండు కోట్ల నలభై లక్షలకు పైబడిన గడుల పట్టిక, అంటే నేటి ఫోర్ కే తెరకు దాదాపు మూడింతలు. గణన యంత్రాల ఆద్యుడు చార్లెస్ బాబేజ్ దాని ప్రతి ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు. లండన్ రాయల్ అకాడమీ సభ్యులిద్దరు అది నేత అని గుర్తించలేక, రేకు మీద చెక్కి అచ్చు వేసిన చిత్రమని పొరబడ్డారని తన ఆత్మకథలో రాసుకున్నాడు కూడా.

రోమన్ లిపి చదివేవారికి ఈ అధిక సాంద్రత విలాసం కావచ్చు. తెలుగు చదివేవారికి అది చాలాకాలం బాకీ పడిన హక్కు. ర లోపల చుక్క పెడితే ఠ, ధ పొట్టలో చుక్క పెడితే థ, ప కింద చిన్న గీత దించితే ఫ. తలకట్టు ఒంటికి అతుక్కుంటే వ, ఎడంగా నిలిస్తే ప. అంటే ‘వాడు’ అన్న మాటకూ ‘పాడు’ అన్న మాటకూ తేడా తెర మీద ఒకటి రెండు పిక్సెళ్ళ ఖాళీలో ఉంటుంది. అంతకన్నా కష్టం నిలువు పేర్పుది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, నడుమ స, కింద తవత్తు, దానిని చుట్టుకుని క్రావడి. పదిహేను పిక్సెళ్ళ ఎత్తును ఇన్ని అంతస్తులకు పంచితే వత్తుకు నాలుగైదు పిక్సెళ్ళకు మించి దక్కవు, నాలుగైదు పిక్సెళ్ళలో వంపు గీయడం నాలుగైదు ఇటుకలతో గుమ్మటం కట్టడమే. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి ఫాంట్ తెలుగును లక్షలాది కంప్యూటర్లకు చేర్చింది గాని, నాటి తెరల మీద చిన్న కొలతలో వత్తులను పోల్చుకోవడం చదువరి ఊహకే వదిలేయవలసి వచ్చేది.

ఆ రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ తెచ్చిన క్లియర్‌టైప్ అన్న ఉపాయం ఈ లోటును తీరుస్తుందని ఆశపడ్డారు. ప్రతి పిక్సెల్ నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నిలువు పట్టీల సమాహారం గనుక, ఆ పట్టీలను విడివిడిగా వెలిగించి అడ్డంలో సాంద్రతను మూడింతలు చేసినంత పని చేయించడం ఆ ఉపాయం సారం. రోమన్ లిపిలో అక్షరాలను వేరుచేసేవి ఎక్కువగా నిలువు గీతలు, వాటి మందం, వాటి నడుమ ఎడం. అవన్నీ అడ్డంలో కొలిచేవే గనుక ఆ లిపి వెంటనే తేటపడింది. తెలుగుకు కావలసిన వివరం నిలువులో ఉంది. క్లియర్‌టైప్ తొలి రూపం నిలువు దిశలో ఏ నునుపూ చేయలేదు, కాబట్టి తెలుగు అక్షరాల గుండ్రటి నెత్తి, అడుగు వంపు మెట్లు మెట్లుగానే మిగిలాయి. నిలువు నునుపు ఆ తర్వాతి రూపాల్లోనే వచ్చింది. తెర సాంద్రత పెరగడం ఒక్కటే రెండు దిశల్లోనూ సమానంగా మేలుచేసే మార్పు. అదే స్త్రీ అక్షరానికి మూడు రెట్ల స్కేలింగ్ మీద 44 పిక్సెళ్ళ ఎత్తు దొరుకుతుంది, తవత్తు తవత్తులా కనిపిస్తుంది. సాంద్రత బాగా పెరిగాక రంగు పట్టీల ఉపాయం అవసరమే తీరిపోయి, ఆపిల్ సంస్థ 2018లో మ్యాక్‌ల మీద దానిని పక్కన పెట్టేసింది.

ఖర్చు లేకుండా ఏదీ రాదు. ఎల్‌సీడీ తెరలో ప్రతి పిక్సెల్ వెనుకా దానిని నడిపే ట్రాన్సిస్టర్లూ తీగలూ కొంత చోటు ఆక్రమిస్తాయి. పిక్సెల్ చిన్నదవుతున్న కొద్దీ వెలుతురు దూరే కిటికీ ఇరుకవుతుంది, చిక్కటి నేత గుండా దీపం కాంతి తక్కువగా దాటినట్టు. అదే వెలుగు రావాలంటే వెనుక దీపం పెంచాలి. 2012లో ఆపిల్ ఐప్యాడ్ సాంద్రతను రెట్టింపు చేసినప్పుడు బ్యాటరీని 25 వాట్ అవర్ల నుంచి 42.5కు పెంచవలసి వచ్చింది, అయినా అది నిలిచిన సమయం పాతదే. బొమ్మను తయారుచేసే చిప్ మీద భారం కూడా తక్కువ కాదు: ఫోర్ కే తెరను ఒక్కసారి నింపడానికి 33 మెగాబైట్లు, సెకనుకు అరవై సార్లంటే దాదాపు రెండు గిగాబైట్లు. పాత హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బయటి ఫోర్ కే మానిటర్ తగిలిస్తే మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడవడానికి కారణం, ఆ తరం కనెక్షన్ సెకనుకు ముప్పై బొమ్మలకు మించి మోయలేకపోవడం.

మళ్ళీ మగ్గం దగ్గరకు వస్తే, అట్టల స్థానంలో కంప్యూటర్ ఫైలు నేరుగా హుక్కులను నడిపించే ఎలక్ట్రానిక్ జకార్డును బ్రిటన్‌కు చెందిన బోనాస్ సంస్థ 1983లో మిలాన్ వస్త్రయంత్రాల ప్రదర్శనలో తొలిసారి చూపింది. అప్పటి నుంచి గ్రాఫ్ కాగితం క్రమంగా తెర మీదకు మారింది. ఈ యంత్రాల్లో విరివిగా కనిపించే ఒక కొలత 2688 హుక్కులు. గడికి ఒక పిక్సెల్ చొప్పున చూపితే ఆ డిజైన్ ఫుల్ హెచ్‌డీ తెరలో పట్టదు, ఫోర్ కే ల్యాప్‌టాప్‌లో తొమ్మిదిన్నర అంగుళాల వెడల్పులో హాయిగా ఇమిడిపోతుంది. గడి 0.09 మిల్లీమీటరుకు చిక్కి కంటి హద్దు దాటిపోతుంది గనుక అది గళ్ళ పట్టికలా కాక బట్టలాగే కనిపిస్తుంది. కొనుగోలుదారుకు చూపడానికి ఇంతకన్నా మంచి అద్దం లేదు. దిద్దడానికి మాత్రం అది పనికిరాదు, ఏ గడి మీద మౌస్ నొక్కుతున్నామో తెలియదు. దిద్దేవారు పెద్దది చేసుకోక తప్పదు.

అలా పెద్దది చేయడంలోనూ నేతకు తనదైన మెలిక ఒకటుంది. తెర పిక్సెల్ చతురస్రం, నేత గడి సాధారణంగా కాదు. అంగుళానికి పడుగు నూరు పోగులు, పేక ఎనభై పోగులు ఉన్న బట్టలో గడి వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ, నాలుగుకు ఐదు నిష్పత్తిలో. గుండ్రటి బుటా గుండ్రంగా నేయబడాలంటే ఆ నిష్పత్తిలోనే గీయాలి, అందుకే గ్రాఫ్ కాగితాలు కూడా నిలువు అడ్డం గడుల లెక్కలు వేరువేరుగా అచ్చయ్యేవి. తెర మీద ఆ గడిని సగం పిక్సెల్ లేకుండా చూపాలంటే కనీసం నాలుగు పిక్సెళ్ళ వెడల్పు, ఐదు పిక్సెళ్ళ ఎత్తు కావాలి. అప్పుడు ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పులో 480 గడులు, ఫోర్ కే తెర వెడల్పులో 960 గడులు పడతాయి. చీర అంచు మొత్తాన్ని పక్కకు జరపకుండా ఒక్క చూపులో చూసుకుంటూ దిద్దగలగడం ఈ రెండో అంకె తెచ్చే సౌకర్యం. దొడ్డబళ్ళాపురం వంటి ఊళ్ళో డిజైన్ గీసేవారికి ఖరీదైన తెర అవసరమా అన్న ప్రశ్నకు, సినిమాల స్పష్టత కన్నా ఇదే గట్టి జవాబు.

నాలుగైదుల లెక్క తప్పి, గడికి మూడు పిక్సెళ్ళూ నాలుగింట మూడు వంతులు అన్నట్టుగా పెద్దది చేస్తే, గళ్ళ పట్టిక మీద అసలు డిజైన్‌లో లేని అలలు నీటి మీద తరగల్లా తేలతాయి. రెండు సన్నటి పట్టికలు ఒకదాని మీద ఒకటి కొద్దిపాటి కొలత తేడాతో పడినప్పుడు, ఒకచోట గీతలు కలిసి, మరోచోట విడిపోయి, ఆ కలయికలు విడిపోవడాలే పెద్ద పట్టీలుగా కనిపించడం దీనికి కారణం. భౌతిక శాస్త్రంలో ఈ అలలకు మ్వారే అని పేరు. ఆ పేరు పట్టు నుంచే వచ్చింది: సన్నటి గాట్లు తేలిన పట్టు బట్టను రెండు పొరలుగా మడిచి గట్టిగా అదిమితే, పొరల పేక గీతలు ఒకదానితో ఒకటి సరిపడక నీటి మడుగు మీది మెరుపులాంటి చారలు ఏర్పడతాయి, ఫ్రెంచి నేతగాళ్ళు ఆ బట్టనే మ్వార్ అన్నారు. ఆ బట్టలో అలలు కోరి తెచ్చుకున్న అందం. తెర ముందు కూర్చున్న డిజైనర్‌కు అవే అలలు నేతలో తప్పు దొర్లిందేమోనన్న అనుమానం పుట్టిస్తాయి. కొలతను నాలుగుకు ఐదు దగ్గరకు తెచ్చిన మరుక్షణం అవి మాయమవుతాయి, గ్రాఫ్‌లో ఒక్క గడి కూడా మారి ఉండదు.